పొయ్యి ఆరిపోయింది, అక్కయ్యా

అక్కయ్యకు, నేను బాగానే ఉన్నాను, నీకు జ్వరం తగ్గిందని తలుస్తాను.

జరిగింది రాస్తాను, నీవల్ల అనుకోకు. నేను నిన్ను చూడటానికి వచ్చిన వారంలోనే మా ల్యాబులో సెమీకండక్టర్ పలకలు కాల్చే ఫర్నేస్, అదే, నువ్వు నా పెళ్లామని వెక్కిరించే పొయ్యి, ఆర్పేశారు. పని ఉన్నా లేకున్నా దాన్ని ఆర్పకూడదు. కొత్తగా చేరిన అసిస్టెంటు మంచివాడే. "ఖాళీగా మండుతోంది కదండీ, కరెంటు దండగని ఆపేశాను" అన్నాడు. లోపలి క్వార్ట్జు గొట్టం మన మేనత్త లాంటిదని అతనికెవరు చెప్పాలి? ఆవిడ అరుస్తున్నన్నాళ్లూ గుండ్రాయిలా ఉంది, శాంతించిన ఏడాదే మంచాన పడింది. గొట్టమూ అంతే, ఏళ్ల తరబడి వేడిలో ఉండి, చల్లారగానే నిలువునా పగిలింది. ఎంత వేడికైనా చెడని డయోడ్ చేయాలని, కాలేజీ గడప తొక్కకుండానే పట్టిన నా పంతం చివరికి చలికి చచ్చింది.

కొత్త గొట్టం అడిగితే డైరెక్టర్ నవ్వి, "ఈ వయసులో ఇంకా ఏం వండుతారండీ?" అన్నాడు. అర్జీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. నేను మాటకు మాట అనకుండా రావడం నువ్వెప్పుడైనా చూశావా?

మోకాళ్లకు తైలం రాస్తున్నావా? వెనకగది కిటికీ బావ బాగుచేయించాడా? ఎప్పుడు ఉండిపొమ్మన్నా పొయ్యి వదిలి రాలేనని నిన్ను దబాయించేవాణ్ణి. ఇక ఆ మాట చెల్లదు.

బావకు నమస్కారాలు, మనవరాలికి నా దీవెనలు చెప్పు. అన్నట్టు, నా స్వెటర్ మీ ఇంట్లో మర్చిపోయాను. పోస్టులో పంపకు, అక్కడే ఉంచు.

నీ తమ్ముడు