ముఖాల మీది నీడ

స్వెన్‌బోర్,
నవంబరు 9.

చిరంజీవి సిద్సెల్‌ను నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ పిల్లీ క్షేమం. ఫారో దీవుల గాలివానకు మీ ఇంటి కప్పు నిలిచిందని రాశావు, సంతోషం.

నువ్వడిగావు కనుక చెబుతున్నాను. మోకాలు అలాగే ఉంది. రై రొట్టె, ఉప్పుచేప తింటున్నాను. నేలమాళిగలో డార్క్‌రూమ్ తాళం అమ్మ పోయాక తీయలేదు.

మా ఫొటో క్లబ్ అధ్యక్షుడు హోల్గర్ గుర్తున్నాడుగా. ఇరవై ఏళ్ల కిందట, ఫిల్ము చచ్చిందని ప్రింట్లు వేసే క్లబ్బు ఎన్‌లార్జర్ యంత్రాలన్నీ చెత్తబండి ఎక్కించినవాడు. మొన్న అదే నోటితో నలుపు తెలుపు ఫిల్ము పునర్జన్మ గురించి ఉపన్యాసమిచ్చాడు. కుర్రకారు చప్పట్లు కొట్టారు. ఆ వారమే, మనం ప్రింట్లు వేసే కాగితం తయారీ ఆపేస్తున్నామని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫిల్ము చచ్చిందన్నప్పుడు ఏడ్చాను. ఇప్పుడేం చేయాలో తెలియడం లేదు.

ఉపన్యాసమయ్యాక అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమోయ్ ఎస్కిల్, పుస్తకాలు చదివి మా తప్పులు పట్టింది చాలు. ఆ రేవు సమ్మె ఫొటో వీళ్ల ఎదుట ప్రింటు వేసి చూపించు."

నెలాఖరు శనివారమట. నేర్చుకుంటామని ఎనిమిది మంది పేర్లిచ్చారు. తలూపి వచ్చాను.

అమ్మాయ్, ఆ ఫొటో తీసింది నేను. ప్రింటు వేసింది మీ అమ్మ. అదొక్కటే కాదు, అన్నీ. నేను ప్రింటు వేస్తే సమ్మెలోని ఆ జాలరుల ముఖాలు బొగ్గయ్యేవి. వెలుతురు తగిలినకొద్దీ కాగితం నల్లబడుతుంది కదా, మీ అమ్మ బోదిల్ ఆ వెలుతురుకు అరచేయి అడ్డుపెట్టి ముఖాలకు నీడ పట్టేది, ఆకాశాన్ని మాత్రం నల్లబడనిచ్చేది. వెనక సంతకం నాది. "మూలన నా పేరు కూడా చిన్నగా వెయ్యకూడదా?" అని ఒకసారి అడిగింది. "రొట్టె తినేవాడు పిండి పిసికినవాడి పేరడుగుతాడా?" అన్నాను. మళ్లీ అడగలేదు. హోల్గర్ పారేసింది యంత్రాలనే.

ఆవిడ గడియారం చూసేది కాదు, ఏదీ రాసుకునేది కాదు. కూనిరాగం తీస్తూ పాటతోనే కాలం కొలిచేది. నేను పైన పత్రికలకు ఉత్తరాలు రాస్తూ కూర్చునేవాణ్ణి. ఎర్రదీపం కింద, ఆమె పక్కన చిన్నప్పుడు పీటెక్కి నిలబడింది నువ్వు.

శనివారం నాడు ముందుగా ఆమె పేరు చెబుతాను. హోల్గర్ నవ్వితే నవ్వనీ. కానీ పేరు చెప్పి చేతులు కట్టుకుంటే ఆ పని నాతోనే పోతుంది. అమ్మ పాడేది ఏ పాట తల్లీ? ఏ చరణం దగ్గర ముఖాల మీంచి చెయ్యి తీసేది? ఉత్తరం ఆలస్యమైతే ఫోను చేసి పాడు. ఈసారి వింటాను.

ఇట్లు,
సంతకం మాత్రమే చేసిన
నాన్న.