నీ తల మీది ఒట్టు

అన్నయ్యా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి ఐదు నెలలు దాటింది. ఇన్నాళ్ళూ నీతో మాట్లాడకూడదనే అనుకున్నాను. ఇప్పుడు కూడా ప్రేమ పొంగి రాయడం లేదు. తిడదామంటే ఎదురుగా లేవు, అందుకని కాగితం మీద తిడుతున్నాను.

నీహ వచ్చే వారం మిన్నెసోటా వెళ్తోంది. నువ్వు కోరుకున్నదే జరిగింది. పదిహేడు నిండని నా కూతురు అక్కడి జూనియర్ ఐస్ హాకీ టీమ్‌కి గోలీ, అదే గోల్ కాసేది, అయింది. ముక్కూ మొహం తెలియని ఒక అమెరికన్ కుటుంబం ఇంట్లో ఉండి, అక్కడే స్కూలుకి వెళ్తూ ఆడుతుందట. చల్లబడిందా నీ కడుపు?

ఈ మంచు మీద ఆట మన ఇంటావంటా ఉందా? ఎవరిదో బర్త్‌డే పార్టీ అని ఏడేళ్ళ పిల్లని ఐస్ రింక్‌కి తీసుకెళ్ళింది నువ్వు. మిగతా పిల్లలు పడి ఏడుస్తుంటే ఇది పడి నవ్వుతోందని మురిసిపోయింది నువ్వు. గోల్ కాయడానికి ఎవరూ రాకపోతే, మా మేనకోడలు ఉందని చెయ్యెత్తింది కూడా నువ్వే. బంతి కూడా కాదు, రాయిలాంటి రబ్బరు బిళ్ళ, పక్ అంటారట. అది దూసుకొస్తుంటే అందరూ పక్కకి తప్పుకోవాలనుకుంటారు. దానికి ఎదురెళ్ళి నిలబడే పని ఏరికోరి నా పిల్లకి ఇప్పించావు.

ఓణీల ఫంక్షన్ గుర్తుందా? మేనమామ పట్టులంగా, ఓణీ తేవాలి. నేపర్‌విల్‌లో ఉన్న ఆంటీలందరూ నీ చేతిలో పళ్ళెం కోసం చూస్తున్నారు. పసుపు, కుంకుమ, అరటిపళ్ళు, వాటి మధ్య కాళ్ళకి కట్టుకునే ఆ పరుపుల్లాంటి గోలీ ప్యాడ్లు! "లంగా ఒక్క రోజు కడుతుందే చెల్లాయ్, ఇవి రోజూ కడుతుంది" అన్నావు. అందరూ ఫొటోలు తీసుకున్నారు. నా మొహం ఎటు పెట్టుకోవాలో నాకు తెలియలేదు. నీహ మాత్రం ఆ ప్యాడ్లు ఒళ్ళో పెట్టుకుని దిగనంటే దిగనని పీటల మీదే కూర్చుంది.

బాగా ఆడుతుందని నాకు తెలియక కాదు. అబ్బాయిల టీమ్‌లో అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి దీన్ని దింపేవాళ్ళు. వేరే రాష్ట్రాల కోచ్‌లు వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. నువ్వు షికాగోలో ఆఫీసు వదిలి, ట్రెయిన్ దిగి, టై కూడా విప్పకుండా రింక్‌కి పరిగెత్తేవాడివి. దాని గోల్ వెనక, అద్దానికి ముక్కు ఆనించి నిలబడేవాడివి. గోల్ పడితే ఒకటే మాట. "గోలీకి మెమరీ ఉండకూడదు బంగారం. పోయిన పక్ పోయినట్టే. వచ్చేదాన్ని చూడు."

పోయినవాడు పోయినట్టేనా అన్నయ్యా? మరి దానికి అది కూడా నేర్పించి పోవలసింది.

పోయిన చలికాలం అంతా నువ్వు చిక్కిపోతూనే ఉన్నావు. అడిగితే "కీటో డైట్ చేస్తున్నా చెల్లాయ్, చూడు ఎంత హ్యాండ్సమ్ అయ్యానో" అన్నావు. నేను నమ్మాను. పైగా మీ బావగారికి కూడా నేర్పించమన్నాను! ఆదివారం ఆదివారం నా చేతి పప్పు తింటూ, నీ పాంక్రియాస్‌లో క్యాన్సర్ ఉందని తెలిసి కూడా, నా ఎదురుగా కూర్చుని నవ్వావు. గ్రీన్ కార్డ్ కోసం ఏళ్ళ తరబడి ఓపిగ్గా నిలబడ్డవాడివి. నాతో నిజం చెప్పడానికి ఒక్క నిమిషం నిలబడలేకపోయావా?

నాకు చెప్పకపోతే పోనీ. నీహకి చెప్పావు.

ప్రాక్టీస్ నుంచి తీసుకొస్తుంటే కారులో నీ చేతికి హాస్పిటల్ బ్యాండ్ చూసి అడిగిందట. అబద్ధం చెప్పి ఉండొచ్చుగా? నాతో అంత బాగా చెప్పావుగా! దానికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పి, దాని చెయ్యి లాగి నీ తల మీద పెట్టుకుని, "సీజన్ అయ్యాక నేనే చెప్తా. ఈలోపు మీ అమ్మకి తెలిసిందో, నా మీద ఒట్టు" అన్నావు. ఒట్టు అంటే ఏంటి మామయ్యా అని అడిగితే, "తప్పితే నేను చచ్చిపోతానన్నమాట" అని నవ్వావట.

అది ఇక్కడ పుట్టిన పిల్ల. మన మాటల్లో ఏది ఉత్తుత్తిది, ఏది నిజమో దానికెలా తెలుస్తుంది? గుళ్ళో పూజారి చెప్పేదీ, నువ్వు చెప్పేదీ దానికి ఒకటే. చలికాలమంతా ఆ రహస్యాన్ని మోసుకుంటూ స్కూలుకి వెళ్ళింది, గోల్ కాసింది, నా పక్కన కూర్చుని అన్నం తింది. తెలిస్తే నీ సేవలో పడి దాని ఆట మాన్పించేస్తానని కదా నీ భయం? మాన్పించేదాన్నే. అయితే ఏం? ఒక సీజన్ పోతే ఆట చచ్చిపోతుందా?

ఫిబ్రవరిలో రింక్ పార్కింగ్ లాట్‌లో నువ్వు వాంతి చేసుకుని లేవలేకపోతే, భయపడిపోయి కోచ్‌కి చెప్పేసింది. ఆయన నాకు ఫోన్ చేశాడు. తర్వాత నువ్వు ఉన్న రెండు వారాలూ మందుల మత్తులోనే ఉన్నావు. నాకు మిగిలింది అదే. దానికి కారణం నువ్వే.

నువ్వు పోయాక నీహ హాకీ బ్యాగ్ గరాజ్‌లో పడేసింది. మిన్నెసోటా వాళ్ళు జూన్‌లో క్యాంప్‌కి రమ్మని పిలిస్తే రానంది. నేను సంబరపడాలి కదా? పడలేదు. అది గదిలోంచి బయటికి రావడం లేదు, మాట్లాడడం లేదు. నీ మీద బెంగ అనుకున్నాను.

ఒకరోజు దోశలు పోస్తూ, నిన్నటి లంచ్ బాక్స్ తిన్నావా పారేశావా అని అడిగాను. తిన్నానంది. నమ్మకం కుదరక, మన అలవాటు పోదుగా, దాని చెయ్యి తీసి నా తల మీద పెట్టుకుని "నా మీద ఒట్టేసి చెప్పు" అన్నాను.

అన్నయ్యా, అది కేక పెట్టింది. నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది. కింద కూర్చుండిపోయింది. "అమ్మా, ఐ బ్రోక్ ఇట్. నేను కోచ్‌కి చెప్పేశాను. అందుకే మామయ్య పోయాడు."

పెనం మీద దోశ మాడిపోయింది. నువ్వు అప్పుడు ఎదురుగా ఉండి ఉంటే ఆ అట్లకాడతో వాత పెట్టేదాన్ని. చచ్చిపోయినవాడి మీద ఇంత కోపం ఉంటుందని నాకు తెలియదు.

డాక్టర్ చెప్పిందంతా చెప్పాను. వినలేదు. చివరికి మన చిన్నప్పటి సంగతులు ఎత్తుకున్నాను. మామిడి తాండ్ర దొంగిలించి తిని, తినలేదని అమ్మ మీద ఒట్టేసేవాడివి. సినిమాకి వెళ్ళొచ్చి ట్యూషన్‌కి వెళ్ళానని మళ్ళీ అమ్మ మీదే ఒట్టు. మీ మామయ్య తప్పిన ఒట్లకి అమ్మమ్మ ఎన్నిసార్లు పోయి ఉండాలే, నిక్షేపంలా ఉందిగా అన్నాను. ముక్కు చీదుకుంటూ మొదటిసారి నా మొహంలోకి చూసింది. అయితే ఒట్టు తప్పాలనుకుంటే ఏం చేసేవాళ్ళని అడిగింది. "ఒట్టు తీసి గట్టున పెట్టు" అనేవాళ్ళం, అంతే, అన్నాను. గట్టంటే? అంది.

మర్నాడు మధ్యాహ్నం రింక్‌కి తీసుకెళ్ళాను. నువ్వు నిలబడే చోటికే, గోల్ వెనకకి. అద్దం కింద చెక్క అంచు ఉంది చూడు, నువ్వు కాఫీ కప్పు పెట్టుకునేవాడివి... ఇదే గట్టు అన్నాను. దాని చెయ్యి పట్టుకుని, లేని నీ తల మీంచి తీసినట్టు తీసి, ఆ అంచు మీద పెట్టించాను. పక్కన స్కేట్లు కట్టుకుంటున్న తెల్లావిడ మమ్మల్ని వింతగా చూసింది. చూస్తే చూసింది. నీహ చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత అద్దె స్కేట్లు తీసుకుని మంచు మీదకి దిగింది.

రానన్న మిన్నెసోటా క్యాంప్‌కి వెళ్తానంది. నేనే హైవే మీద డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్ళాను. నీలాగే గోల్ వెనక నిలబడ్డాను. ఆటని మూడు పీరియడ్లు చేస్తారట, ఒక్కోటి అయ్యాక గోలీలు వైపులు మారతారని నాకెవరు చెప్పారు? రెండో పీరియడ్ అంతా ఎవరి పిల్లకో కాపలా కాశాను. అది దూరం నుంచి నన్ను చూసి, మాస్క్ ఎత్తి, కర్రతో ఇటు రా అని సైగ చేసింది. మూడో పీరియడ్‌కి చుట్టూ తిరిగి పరిగెత్తాను. ఒక గోల్ పడింది. ఏమనాలో తెలియక నీ మాటే అన్నాను. నీ మాట అరువు తెచ్చుకోవలసి వచ్చిందని ఇంకా మండిపోతున్నాను.

అద్దం అవతల దానికి వినపడిందో లేదో...

వచ్చే వారం దింపి వస్తాను. ఇక్కడ ఆటలున్నప్పుడల్లా నువ్వు నిలబడినట్టే ఇక అక్కడికి వెళ్ళి నిలబడతాను, వైపులు కూడా మారతాను. నీ కోసం కాదు.

నిన్ను మాత్రం క్షమించను అన్నయ్యా. నీ మీద ఒట్టు. తప్పితే మాత్రం, నీకిక ఏమవుతుంది చెప్పు?

నీ చెల్లెలు,
సుధ