పేరు కింద మూడు మాటలు

నగర క్లార్కు ప్రిస్కా లిండ్‌క్విస్ట్ గారికి,

మన కౌన్సిల్ ఎన్నికల్లో బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు కాబట్టి, అభ్యర్థి ఏం పని చేస్తారో పేరు కింద మూడు మాటల్లో రాయాలన్నారు. నేను ‘స్కూల్ బస్సు డ్రైవరు’ అని రాశాను. గత ఏడాది చేసిన పనే చెల్లుతుందని మీరు ఫారం తిప్పి పంపారు. తప్పు నాదే. ఇరవై రెండేళ్లు నడిపిన బస్సును, అమ్మకు మతిమరుపు ముదిరాక, మూడేళ్ల కిందటే వదిలేశాను.

“పనీపాటా లేదని రాసెయ్యవే, నిజమేగా,” అన్నాడు మా అన్న వెండెల్. నాతో పోటీ చేస్తున్న హాస్కిన్స్ గారి పేరు కింద ‘హార్డ్‌వేర్ దుకాణం యజమాని’ అని ఉంటుందట. సిగ్గేసి, నా పేరు కింద ఖాళీగా వదిలేయమని నిన్న మీకు ఫోన్‌లో చెప్పాను.

ఈ ఉదయం ఓట్స్ జావ గిన్నెతో గదిలోకి వెళితే అమ్మ రోజూలాగే అడిగింది.

“ఎవరమ్మా నువ్వు?”

పేరు చెబితే ఆమెకు గుర్తుకు రాదు. కూతుర్నంటే నమ్మదు.

“నిన్ను చూసుకునే మనిషిని,” అన్నాను.

“అట్లాగా. అయితే వచ్చి కూర్చో.”

శుక్రవారం దాకా గడువుందన్నారు కదా. ఫోన్‌లో చెప్పింది దయచేసి కొట్టేయండి. నా పేరు కింద ‘అమ్మను చూసుకునే మనిషి’ అని వేయండి. అదీ ఒక పనేనా అని ఎవరైనా అభ్యంతరం చెబితే, వాళ్లను ఒక్క పూట మా ఇంటికి పంపండి. వాళ్లు అమ్మ దగ్గర కూర్చుంటే, నేను ఇంతవరకూ తొక్కలేకపోయిన గడపలకు వెళ్లి ఓట్లు అడిగొస్తాను.

ఇట్లు,
మూడో వార్డు అభ్యర్థి