కత్తిరించి ఇచ్చిన రెండు బిళ్ళలు

అత్తా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మొగల్తూరులో నేను పనిచేసే మందుల షాపుకి పొద్దున్న సత్తెమ్మ పిన్ని వచ్చింది. నీతోపాటు ఎండుచేపలమ్మేది, నీలాగే నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగేది. అంగిట్లో పుండు లేచిందట.

"మీ అత్తకిచ్చేదానివి చూడు, ఆ బిళ్ళలు రెండియ్యమ్మా. నీ చేతి మందు మంచిదని ఎప్పుడూ చెప్పేది" అంది.

నీ నోరు మండినప్పుడల్లా యాంటీబయాటిక్ షీటులోంచి రెండు బిళ్ళలు కత్తిరించి ఇచ్చేదాన్ని. డాక్టరుకి చూపించుకోమని ఒక్కసారీ గట్టిగా చెప్పలేదు. నొప్పి తగ్గిందని నువ్వు నా తల నిమిరితే, నేనే డాక్టరునన్నట్టు మురిసిపోయేదాన్ని.

చివరికి అది క్యాన్సరని తేలింది. రాజమండ్రిలో ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. కుట్ల దగ్గర పట్టిన చీము మాత్రం ఏ మందుకీ లొంగలేదు.

"అరకొరగా మందులు వాడితే క్రిములు మొండికేస్తాయమ్మా. ఇదివరకు ఈవిడ యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?" అని డాక్టరుగారు అడిగారు.

"లేదండి" అన్నాను.

నోటినిండా కట్టుతో పడుకున్న నువ్వు అది విన్నావు. నా చేతి మీద నీ చెయ్యి వేశావు. ఆ చెయ్యి నువ్వు వెనక్కి తీసుకున్నా బాగుండేది.

ఇదంతా ఇవాళ సత్తెమ్మ పిన్నికి చెప్పాల్సింది.

"స్టాకు లేదు పిన్నీ" అన్నాను. షీటు నా చేతి కిందే ఉంది.

"పోన్లే అమ్మా" అని బుట్ట నెత్తికెత్తుకుని, ఎదురుగా ఉన్న ఇంకో మందుల షాపు మెట్లెక్కింది.