పొద్దుటి కొలత

పెదనాన్నగారికి,

నమస్కారాలు. ఇంటికి కాక కమిటీ ఆఫీసుకు రాస్తున్నందుకు క్షమించండి. పాత చర్చి గంటగోపురాన్ని కూల్చే కాగితం మీద శుక్రవారం మీరు సంతకం పెడతారని తెలిసింది. దయచేసి పెట్టకండి. తప్పు నాది.

భూకంపం తర్వాత ఆ గోపురం గోడలోని పగులును రోజూ కొలవడం నా పని. మొదటి రెండు నెలలూ మధ్యాహ్నం కొలిచాను. గేటు దగ్గర జనం చేరి ప్రశ్నలు వేస్తుంటే బిడియమేసి, పొద్దున్నే వెళ్ళడం మొదలుపెట్టాను. వేళ మార్చినట్టు రిపోర్టులో రాయలేదు. ఆ వారం నుంచే పగులు పెరిగినట్టు లెక్క వచ్చింది.

ఇది పట్టుకున్నది అక్కడి ముసలి మేస్త్రిగారు. నా పుస్తకం తిరగేసి, "చలికి ముడుచుకున్నవాణ్ణి చూసి చిక్కిపోయాడంటే ఎలాగమ్మా? ఎండెక్కాక రా, చూద్దాం" అన్నారు.

వెళ్ళాం. పొద్దుటి చలికి రాయి ముడుచుకుని వెడల్పైన పగులు, వేడికి రాయి ఉబ్బగానే సన్నబడి పాత కొలతకే వచ్చింది. తొమ్మిది రోజులు రెండు పూటలా చూశాం. మధ్యాహ్నం కొలత ఒక్కరోజూ పెరగలేదు. "కూల్చేస్తే నాకీ మెట్లు తప్పేవి కదమ్మా" అని నన్ను ఏడిపిస్తూనే, మోకాలి నొప్పితో ఆయన ప్రతిసారీ పైదాకా ఎక్కారు. ఇంతటి ఓపిక గురించి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కొలతలు జతచేశాను. ఈ ఉద్యోగానికి సిఫార్సు చేసింది మీరే కాబట్టి మీకు తలవంపులని తెలుసు. నాన్నకు నేనే చెబుతాను. కమిటీలో మాత్రం నా పొరపాటు దాచకండి. దాస్తే, దాన్ని పట్టుకున్న మేస్త్రిగారి గురించి చెప్పడానికి వీలుండదు.

మీ తమ్ముడి కూతురు