అద్దం మీద అరచెయ్యి

షార్జా, డిసెంబరు 2007, గురువారం

పొద్దున సజ్జా దారిలో కొత్త కారు మళ్ళీ ఆగిపోయి, నన్ను లోపలే ఉంచి తలుపులు బిగించుకుంది. బయటంతా పొగమంచు. నా ఊపిరికి అద్దాలు మసకబారాయి. వెనక అద్దానికి లోపలివైపు చిన్న అరచెయ్యి ముద్ర తేలింది. మాకు పిల్లల్లేరు. సీట్ల ప్లాస్టిక్ కవర్లయినా ఇంకా తీయలేదు. పావుగంటకు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి.

"నిమ్మకాయలు తొక్కించమంటే విన్నారా?" ఇంటికొచ్చి చెప్పగానే అంది నా భార్య సరళ.

షోరూంవాడి దగాకు నిమ్మకాయ విరుగుడా? కొత్త వినియోగదారుల చట్టం వచ్చింది కదా, బండి మార్చి తీరాలని ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. అప్పుడే షోరూం మెకానిక్, కడప ఖాదర్, ఫోన్ చేసి గొంతు తగ్గించాడు.

"ఈ బండి ముందే ఒక ఇంటికి పోయి వాపసొచ్చింది సార్. ఇదే కంప్లైంటు. నా పేరు రాయాకండి, ముదీర్, అదే మా మేనేజరు, నన్ను ఊరికి పంపిచ్చేస్తాడు."

"వాళ్ళకు చిన్నపిల్ల ఉండేదా?"

"ఖలాస్ సార్. అది మాత్రం నన్ను అడగాకండి."

పేదవాడి కూడు తీస్తేగాని రుజువు కాని న్యాయం, న్యాయమేనా? ఖాదర్ మాట ఫిర్యాదులో రాయలేదు. వెనక అద్దం తుడవొద్దని సరళకు చెప్పాను. ఇక నా తరఫున సాక్షి ఆ చెయ్యొక్కటే.