ఎడమచేతిలో చీమలు

అక్కా,

పక్షవాతంతో పడిపోయిన ఎడమచేతిలో చీమలు పాకినట్టుందని నాన్న సంబరపడుతున్నారని, నేను పంపిన ఒంటిబలం పొడి ఇంకో డబ్బా కావాలని రాశావు. "మా చిన్నది చేసిన మందు" అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారట.

ఆ పొడి కలిపేది మా ల్యాబులోనే. అందులో బీటా అలనైన్ అనే పదార్థం ఉంటుంది. తాగిన కాసేపటికి ఎవరికైనా ఒళ్లు చిమచిమలాడుతుంది, తర్వాత తగ్గిపోతుంది. అది చర్మంలోని నరాల గోల, దానికీ బలానికీ సంబంధం లేదు. ఒకసారి దాని మోతాదు తగ్గించి చూశాం. పొడి పనిచేయట్లేదని జనం డబ్బాలు వెనక్కి తెచ్చారు.

చేతి వ్యాయామానికని ఇస్తే ఇన్నాళ్లూ ముట్టని రబ్బరు బంతిని నాన్న ఇప్పుడు పొద్దస్తమానం పిసుకుతున్నారన్నావు. నిజం చెబితే ఆ బంతి మూలన పడుతుంది. చెప్పకపోతే, "చెయ్యే తిరిగొస్తుంటే ఇవెందుకే" అని మానేసిన బీపీ మాత్రలు మళ్లీ వేసుకోరు.

డబ్బా పంపను. నువ్వు ఒక్కమాట అడుగు: "నాన్నా, కుడిచేతిలో కూడా పాకుతున్నాయా?" ఆయనకే అర్థమవుతుంది.

అడగబోయే ముందు మాత్రం ఒకసారి చూడు. బంతి ఎడమచేతిలో ఉంటే, ఈ పూటకి ఊరుకో.

నీ చెల్లి